"నాకు న్యుమోనియా లేదు కదా, ఈ మాత్ర ఎందుకు?": కోట్రైమాక్సజోల్ గురించి అపోహలు, వాస్తవాలు

దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడుతున్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి, రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, సీడీ4 కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో టీ కణాలనే వాటిలో ఒక రకం) మైక్రోలీటరు రక్తంలో 200 కంటే తగ్గిన హెచ్‌ఐవీ బాధితులకు రాసే మందుల చీటీలో కోట్రైమాక్సజోల్ (రెండు మందులు కలిసిన యాంటీబయాటిక్) మాత్ర తరచు ఉంటుంది. క్లినికల్ ఫార్మసిస్టుగా ఆ చీటీని వివరిస్తున్నప్పుడు నాకు పదే పదే ఎదురయ్యే ప్రశ్న "నాకు న్యుమోనియా లేదు కదా, ఈ మాత్ర ఎందుకు?" అన్నది. అడిగినవారికి నేను జవాబు చెప్పగలను. అడగకుండా ఇంటికి వెళ్లి, చీటీలోని మిగతా మందులన్నీ వేసుకుంటూ ఆ ఒక్కదాన్ని మాత్రం పక్కన పెట్టేసేవారి గురించే నా ఆందోళన.

అపోహ: ఒంట్లో బాగానే ఉంటే ఈ మాత్ర ఆపేయవచ్చు.

వాస్తవం: ఈ మాత్రను నివారణ మోతాదులో ఇచ్చేదే జబ్బు లేనప్పుడు, అది రాకుండా చూడడానికి. న్యూమోసిస్టిస్ జిరోవెసి అనే శిలీంధ్రం గాలి ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. చాలామందికి అది పసితనంలోనే సోకి ఉంటుంది, అయినా టీ కణాలు సరిగా పనిచేస్తున్నంతకాలం ఎలాంటి హానీ చేయదు. ఆ కణాలు తగ్గినప్పుడు అదే శిలీంధ్రం ఊపిరితిత్తుల గాలి గదులను నింపేసి న్యుమోనియా తెస్తుంది. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకుల్లో ఈ న్యుమోనియా కనిపించిందన్న నివేదికతోనే ఎయిడ్స్ వైద్య ప్రపంచం దృష్టికి వచ్చింది. అందువల్ల ఇది హెచ్‌ఐవీ ఉన్నవారికే వచ్చే జబ్బని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి నెలకు పైగా వాడుతూ, దానికి తోడు రోగనిరోధక శక్తిని తగ్గించే మరో మందు కూడా తీసుకునేవారికి ఈ ముప్పు గణనీయంగా ఉంటుంది. పైగా హెచ్‌ఐవీ లేనివారిలో ఈ జబ్బు వారాల తరబడి కాక రోజుల్లోనే ముదురుతుంది, మరణాల శాతమూ వారిలోనే ఎక్కువ.

రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బైన లూపస్‌కు స్టెరాయిడ్ వాడుతున్న ఒక యువతి, ఈ మాత్ర కిడ్నీలను పాడుచేస్తుందని ఎవరో చెప్పిన మాట నమ్మి, వైద్యుడికి తెలియజేయకుండా మానేసింది. కొన్ని వారాల తరువాత పొడి దగ్గు, జ్వరంతో ఆస్పత్రికి వచ్చింది. మంచం మీద కూర్చున్నప్పుడు ఆక్సిజన్ స్థాయి దాదాపు మామూలుగానే ఉన్నా, నాలుగడుగులు వేసేసరికి పడిపోయేది. ఈ న్యుమోనియా తీరే అంత. ఆమె కోలుకుంది గానీ, అందుకు ఐసీయూలో గడపాల్సి వచ్చింది. ఆమెను తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. ఇప్పటికే లూపస్ కిడ్నీల మీద దాడి చేస్తుందేమోనని భయపడుతున్న మనిషికి, కిడ్నీలు పాడవుతాయన్న మాట ఎంత బలంగా తగులుతుందో ఊహించగలను. తెలిసీ తెలియని మాటను అంత నమ్మకంగా చెప్పినవారి మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

మాత్ర ఎప్పుడు ఆపాలన్నది ఒంట్లో ఎలా ఉందన్న దాన్నిబట్టి కాక, రోగనిరోధక శక్తి ఎంత కోలుకుందన్న దాన్నిబట్టి వైద్యుడు నిర్ణయిస్తారు. హెచ్‌ఐవీలో సాధారణంగా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపు చేసే మందులు) వల్ల సీడీ4 సంఖ్య 200 దాటి, మూడు నెలలకు పైగా అక్కడే నిలిచాక ఆపుతారు. స్టెరాయిడ్ వాడేవారిలో మోతాదు తగినంత తగ్గేవరకు, అవయవ మార్పిడి తరువాత సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు, కొందరిలో అంతకు మించి కొనసాగిస్తారు.

అపోహ: ఇది కిడ్నీలను పాడుచేస్తుంది.

వాస్తవం: ఇందులోని ట్రైమెథోప్రిమ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే వ్యర్థపదార్థం) మూత్రంలోకి వెళ్లే దారుల్లో ఒకదాన్ని అడ్డుకుంటుంది, అందువల్ల కిడ్నీ వడపోత ఏమాత్రం తగ్గకపోయినా రిపోర్టులో క్రియాటినిన్ కొంచెం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజమైన కిడ్నీ సమస్య కూడా అరుదుగా రావచ్చు కాబట్టి, ఆ తేడాను తేల్చవలసింది వైద్యుడే. నిజంగా జాగ్రత్త పడవలసింది పొటాషియం విషయంలో. రామిప్రిల్, లోసార్టన్, స్పిరోనోలాక్టోన్ వంటి బీపీ, గుండె మందులు వాడుతున్నవారిలో, వయసు మళ్లినవారిలో, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. అందుకే మొదటి వారంలోనే రక్తపరీక్ష అడుగుతారు, దాన్ని వాయిదా వేయకండి. కీళ్లవాతం వంటి జబ్బులకు ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవారైతే ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే రెండూ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే కొలత) పెరిగి, రక్తస్రావం ముప్పు ఎక్కువవుతుంది.

అపోహ: దద్దుర్లు వస్తే ఇక ఈ మందు జన్మలో వాడకూడదు.

వాస్తవం: దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ల ఎరుపు, బొబ్బలు, చర్మం ఊడిపోవడం, వీటిలో ఏది కనిపించినా మందు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, అటువంటివారికి సాధారణంగా మళ్లీ ఈ మందు ఇవ్వరు. ఇవేవీ లేని తేలికపాటి దద్దుర్లయితే, వైద్యుల పర్యవేక్షణలో కొనసాగించడమో, కొద్ది మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచడమో చాలామందిలో సాధ్యమే. డాప్సోన్, అటోవాక్వోన్, పీల్చే పెంటమిడిన్ వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నా, నివారణలో ఏదీ దీనికి సాటి రాదు. డాప్సోన్‌కు ముందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్) పరీక్ష చేయించాలి; అటోవాక్వోన్‌ను కొవ్వు ఉన్న ఆహారంతోనే తీసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే అది సరిగా ఒంటబట్టదు.

అపోహ: శిలీంధ్రమే కాబట్టి ఫ్లుకోనజోల్ అనే యాంటీఫంగల్ మందు చాలు.

వాస్తవం: చాలదు. ఫ్లుకోనజోల్ దెబ్బతీసేది ఎర్గోస్టెరాల్ (చాలా శిలీంధ్రాల కణపొరలో ఉండే కొవ్వు పదార్థం) తయారీని, ఈ శిలీంధ్రం పొరలో ఆ పదార్థమే ఉండదు.

అపోహ: దగ్గు, ఆయాసం మొదలైతే ఇంట్లో ఉన్న నివారణ మాత్రలనే మరో రెండు ఎక్కువ వేసుకోవచ్చు.

వాస్తవం: నివారణకు రోజుకు ఒక మాత్ర సరిపోయే మనిషికి, చికిత్సలో బరువును, కిడ్నీ పనితీరును లెక్కగట్టి అదే డబుల్ స్ట్రెంగ్త్ (మామూలు మాత్రకు రెట్టింపు మందు ఉన్న) మాత్రలు రోజుకు ఆరు వరకు అవసరం కావచ్చు, అదీ సాధారణంగా 21 రోజులు. మొదటి కొన్ని రోజుల్లో ఆయాసం మరింత పెరగవచ్చు, ఆక్సిజన్ తగ్గినవారికి స్టెరాయిడ్ కూడా జోడించవలసి ఉంటుంది. ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. ఆయాసం మొదలైన రోజే ఆస్పత్రికి వెళ్లి, నివారణ మాత్ర ఎప్పటి నుంచి మానేశారో దాచకుండా చెప్పండి.