ఆ తెల్ల డబ్బా లేకపోతే ఫోన్ ఎత్తగానే నెట్ ఎందుకు పోతుంది

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక చాలా ఇళ్లకి మోడెంతో పాటు ఒక చిన్న తెల్ల డబ్బా కూడా వచ్చింది, లైన్, ఫోన్, మోడెం అని మూడు సాకెట్లు ఉంటాయే, అదే, స్ప్లిటర్. ఇదేం పెద్ద పని చేస్తుందిలే అని దాన్ని పక్కన పడేసి మామూలు టూ-వే పిన్నుతో రెండు వైర్లు కలిపేసినవాళ్లు బోలెడుమంది. అలా చేసినా నెట్ వస్తుంది, కాకపోతే ఎవరైనా ఫోన్ ఎత్తేదాకానే.

వచ్చేది ఒకటే రాగి జత. మాట వెళ్లేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ లోపు, ఏడీఎస్ఎల్ (ఫోన్ తీగ మీదే నెట్ పంపే పద్ధతి) డేటా మాత్రం ఇంచుమించు 25 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 1.1 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది (దాని తర్వాతి రకం ఏడీఎస్ఎల్2ప్లస్ అయితే 2.2 దాకా), కాబట్టి రెండూ ఒకే తీగలో ఉన్నా ఒకదాని జోలికి ఒకటి రాదు. గొడవంతా ఫోన్ సెట్టుతోనే. రిసీవర్ పెట్టేసి ఉన్నంతసేపూ అది లైన్‌కి దాదాపు లేనట్టే, ఎత్తగానే దాని సర్క్యూట్ మొత్తం లైన్ మీదకొచ్చి పై ఫ్రీక్వెన్సీలని మింగేస్తుంది, మోడెం గుడ్లు తేలేస్తుంది, మనకేమో చెవిలో బుస్సుమని సౌండు.

డబ్బా విప్పితే ఏముంటుందంటే కొన్ని కాయిల్స్, కొన్ని కెపాసిటర్లు, అంతే, కరెంటు కూడా అక్కర్లేదు. కాయిల్ నెమ్మది సిగ్నల్‌ని పోనిచ్చి వేగంగా ఊగేదాన్ని ఆపుతుంది, కెపాసిటర్ మిగిలిన ఆ వేగం సిగ్నల్‌ని పక్కదారిలో తిప్పేస్తుంది. ఈ ఫిల్టరంతా ఫోన్ సాకెట్ వైపే, మోడెం సాకెట్‌కి చాలా డబ్బాల్లో లైన్ నేరుగా వెళ్లిపోతుంది. అందుకే మోడెంని పొరపాటున ఫోన్ సాకెట్లో పెడితే ఏడీఎస్ఎల్ లైటు మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది, ఎప్పటికీ నిలబడదు.

నా లెక్కలో అసలు తంటా పారలల్ ఫోన్లతోనే, అంటే అదే లైన్‌కి తగిలించిన రెండో, మూడో ఫోన్లతో. హాల్లో స్ప్లిటర్ చక్కగా పెట్టుకుంటారు, పైన బెడ్రూమ్ ఫోన్‌కి వైరు మాత్రం అంతకుముందే రోజెట్ బాక్స్ (బయటి లైన్ ఇంట్లోకొచ్చి చేరే చిన్న పెట్టె) దగ్గర నుంచి లాగేసి ఉంటుంది, అంటే ఆ ఫోన్‌కి ఫిల్టర్ లేనట్టే కదా. లైన్ ఇంట్లోకొచ్చే మొదటి చోటే స్ప్లిటర్ పెట్టి, ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్నిటికీ, ఫ్యాక్స్ మిషన్, కాలర్ ఐడీ డబ్బా సహా, దాని ఫోన్ సాకెట్ నుంచే వైరు లాగాలి. గోడ పగలగొట్టడం ఇష్టం లేకపోతే ఒక్కో ఫోన్‌కి ఒక్కో మైక్రోఫిల్టర్ (అలాంటి ఫిల్టరే, చిన్న సైజులో) తగిలించుకోవచ్చు.

అనుమానముంటే కంప్యూటర్లో మోడెం సెట్టింగ్స్ పేజీ తెరిచి ఎస్ఎన్ఆర్ మార్జిన్ (లైన్‌లో రొద ఇంకా ఎంత పెరిగినా నెట్ తట్టుకోగలదో చెప్పేది) అనే అంకె చూస్తూ పైనున్న ఫోన్ ఒకసారి ఎత్తమని ఇంట్లోవాళ్లకి కేకెయ్యండి. అంకె దబ్బున పడిపోయిందా, దొంగ ఆ ఫోనే. అన్ని ఫోన్లూ ఎత్తించినా కదల్లేదు, అయినా నెట్ తెగుతూనే ఉందంటే బయట జాయింట్లు, డీపీ బాక్స్ (వీధిలో ఇళ్లకి లైన్లు పంచే పెట్టె) ఒకసారి చూడమని లైన్‌మన్‌ని పిలుచుకోవడమే.