పెద్దపేగులో ‘మెరిసే పరీక్ష’: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో కొలనోస్కోపీకి, అంటే కెమెరా పైపుతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, వచ్చే తెలుగు కుటుంబాలు ఈ మధ్య తరచూ అడిగే మాట ఇది: “రంగు వెలుగుతో క్యాన్సర్‌ని ముందే కనిపెట్టేస్తున్నారట కదా సార్, ఇంకా పేగు కడిగే ఆ పొడి నీళ్లు తాగి, లోపలికి పైపు పెట్టించుకోవడం ఎందుకు?” హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చినవాళ్ల ఫోన్లో దాని తాలూకు వీడియో కూడా ఉంటుంది. అది నమ్మి నెలల తరబడి పరీక్ష వాయిదా వేసుకుంటున్నారు. పైపు అంటే భయం ఎవరికైనా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. ఆ భయానికి పుకారు తోడవడమే ప్రమాదం.

అపోహ: ఫ్లోరసెన్స్ ఇమేజింగ్ ఉంటే కొలనోస్కోపీ అక్కర్లేదు.

ఫ్లోరసెన్స్ ఇమేజింగ్ అంటే ఒక రంగు కాంతి వేసి, దానికి పేగు గోడ తిరిగి వెలిగే తీరును చూడటం. ఇది పొట్ట మీద నుంచి తీసే స్కాన్ కాదు. కాంతి ఒంట్లోకి ఎక్కువ లోతు పోదు. నీలి కాంతి పేగు లోపలి పొరల్లోనే ఆగిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్‌కు దగ్గరగా ఉండే కాంతితో చూసినా, పనికొచ్చేంత స్పష్టంగా కనిపించేది కొద్ది మిల్లీమీటర్ల లోతు వరకే. కాబట్టి ఆ వెలుగు పెద్దపేగు గోడ మీద పడాలంటే కొలనోస్కోప్ ద్వారానే లోపలికి వెళ్లాలి. పైపు అదే, పొడి అదే, మత్తు అదే. కొసన కెమెరా చూసే తీరు ఒక్కటే మారుతుంది.

అపోహ: అంత మంచి వెలుగు ఉన్నప్పుడు పేగు కాస్త శుభ్రంగా లేకపోయినా కనిపెట్టేస్తారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. మలం పొర కింద ఉన్నదాన్ని ఏ వెలుగూ చూపించలేదు. పైగా ఆకుకూరల్లోని పత్రహరితం అరిగాక మిగిలే పదార్థాలు నీలి కాంతి పడితే వాటంతట అవే ఎర్రగా వెలుగుతాయి. అంటే ఫ్లోరసెన్స్‌కి పేగు మామూలు కంటే ఇంకా శుభ్రంగా ఉండాలి.

ఊరి నుంచి వచ్చేవాళ్ల దగ్గర జరిగే పొరపాటు దాదాపు ఒకటే. పొద్దున పది గంటలకు పరీక్ష. తెల్లవారుజామున బస్సెక్కాలి, దారిలో మోషన్ వస్తే ఎలా అని రెండు లీటర్ల మందూ ముందురోజు సాయంత్రమే తాగేస్తారు. రాత్రంతా చిన్నపేగు నుంచి పిత్తం కలిసిన జిగురు నీళ్లు పెద్దపేగు కుడి భాగంలోకి దిగుతూనే ఉంటాయి. పొద్దునకల్లా అక్కడ పసుపు పొర కట్టేస్తుంది. గోడకు అతుక్కుని చదునుగా ఉండే పాలిప్‌లు (పేగు గోడ మీద వచ్చే పెరుగుదలలు), అంటే కంటికి సులువుగా దొరకనివి, ఎక్కువగా ఉండేదీ ఆ కుడి భాగంలోనే.

అందుకే మందు రెండు విడతలుగా తాగాలి. ఒక లీటరు ముందురోజు సాయంత్రం. రెండో లీటరు పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించాలి. పదింటి పరీక్షకైతే ఐదింటికి మొదలుపెట్టి ఏడున్నరకు గ్లాసు పక్కన పెట్టేయాలి. పది పదిహేను నిమిషాలకో గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల చొప్పున. చల్లగా ఉంటే వాంతి తక్కువ. వాంతి వస్తే అరగంట ఆగి మళ్లీ తాగండి, మిగిలింది పారబోయకండి. బస్సులో ఇది సాగదు. ముందురోజే వచ్చి మెజెస్టిక్ బస్టాండ్ దగ్గరో ఆసుపత్రి దగ్గరో గది తీసుకోండి, లేదా మధ్యాహ్నం టైమ్ ఇమ్మని అడగండి.

మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గోంగూర పచ్చడి, రాగి ముద్ద, జామ, గింజలున్న టమాటా, వంకాయ మానేయండి. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు ఫరవాలేదు. మందు మొదలయ్యాక కొబ్బరి నీళ్లు, వడకట్టిన చారు తేట చాలు. బీట్‌రూట్, దానిమ్మ రసాలు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, వాటివల్ల మలం నల్లగా బంకలా అంటుకుంటుంది. రక్తం పలచబడే మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి, గుండెలో స్టెంట్ ఉంటే ప్రాణం మీదికొస్తుంది. ఇన్సులిన్ గురించి, డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రల గురించి కూడా ముందే డాక్టర్‌ని అడగండి. చివరి మోషన్ లేత పసుపు నీళ్లలా, అడుగు కనిపించేలా ఉండాలి. ఇంకా గోధుమ రంగులో మడ్డిగా ఉంటే స్కోప్ గదిలోకి వెళ్లకముందే సిస్టర్‌తో చెప్పండి. సిగ్గుపడి దాచొద్దు.

అపోహ: క్యాన్సర్ ఉన్నచోట మెరుస్తుంది.

పేగు గోడ సొంతంగా వెలిగే తీరును చూసే ఆటోఫ్లోరసెన్స్‌లో జరిగేది దీనికి తలకిందులు. నీలి కాంతి పడితే ఆకుపచ్చగా వెలిగేది ఆరోగ్యమైన గోడే, ముఖ్యంగా లోపలి పొర కిందున్న కొల్లాజెన్ అనే ప్రొటీన్. అడినోమా (క్యాన్సర్‌గా మారగల పాలిప్) పెరిగినచోట పొర మందమై ఆ వెలుగుకు తెరలా అడ్డుపడుతుంది, అక్కడ ఎక్కువగా ఉండే రక్తం కూడా కొంత కాంతిని మింగేస్తుంది. తెరపై ఆ చోటు వంగపండు రంగులో కనిపిస్తుంది. పేగు వాచినా అదే రంగు వస్తుంది కాబట్టి, రంగు చూసి క్యాన్సర్ అని తేల్చరు, ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఆ బొమ్మ మసకగా ఉంటుంది కూడా. మామూలు రిస్క్ ఉన్నవాళ్లకు ఈ పద్ధతిని రోజువారీగా వాడొద్దనే యూరప్ ఎండోస్కోపీ సంఘం 2014లో సూచించింది. మంచి హెచ్‌డీ స్కోప్, శుభ్రమైన పేగు, వెనక్కి తీసేటప్పుడు కనీసం ఆరు నిమిషాల నిదానమైన చూపు ముఖ్యం. అన్నీ బాగున్నా చిన్న పాలిప్‌లు కొన్ని తప్పిపోతాయి. ఒకే మనిషికి వెంటవెంటనే రెండుసార్లు చేసి చూసిన పరిశోధనల్లో మొత్తం పాలిప్‌లలో సుమారు 22 శాతం మొదటిసారి దొరకలేదు. సెంటీమీటరు దాటిన అడినోమాలలో అది 2 శాతమే.

అపోహ: ఆకుపచ్చ రంగు ఇంజెక్షన్ వెళ్లి క్యాన్సర్‌ను పట్టుకుంటుంది.

ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందు గురించి ఈ మాట. అది క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టదు. రక్తంలో తిరిగి, కాలేయం ద్వారా పిత్తంలోకి పోతుంది. పేగు ఆపరేషన్లలో సర్జన్లు దాన్ని ముఖ్యంగా వాడేది పేగు కోసి కలిపేచోట రక్తప్రసరణ బాగుందో లేదో చూడటానికి. ఆ మందులో అయోడిన్ ఉంటుంది, అలర్జీ ఉంటే చెప్పాలి.

అపోహ: మోషన్‌లో రక్తం పడితే పైల్సే.

పైల్స్ ఉన్నవాళ్లకూ పేగు క్యాన్సర్ వస్తుంది. మోషన్ అలవాటు వారాల తరబడి మారినా, కారణం తెలియకుండా ఒంట్లో రక్తం తగ్గిపోతున్నా (రక్తహీనత) పైల్స్ మందుతో సరిపెట్టుకోకండి. అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, మీకు 40 ఏళ్లకో, వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు చేయించుకోవాలి.

రిపోర్టు చేతికొచ్చాక మూడు విషయాలు చూడండి. స్కోప్ సీకం (పెద్దపేగు మొదలయ్యే చోటు) దాకా వెళ్లిందా, ఫొటో ఉందా? శుభ్రత స్కోరు ఎంత వేశారు? పేగు శుభ్రతకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసే బోస్టన్ స్కేల్‌లో పెద్దపేగు మూడు భాగాలకూ విడివిడిగా కనీసం రెండేసి ఉండాలి. మళ్లీ ఎప్పుడు రావాలో రాశారా? స్కోరు తక్కువగా ఉంటే ‘నార్మల్’ అన్న మాటను నమ్ముకుని పదేళ్లు ఊరుకోకండి, ఏడాదిలోపే మళ్లీ చేయించుకోవాలి.