పెయింటు సంగతి చివర్లో

విజయనగరం

చిరంజీవులు పెద్దోడికి, చిన్నోడికి, బుల్లెమ్మకి తాత ఆశీస్సులు.

మీ నాన్న ఫోన్‌లో మీరు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. రిమోట్ బండి అచ్చం నిజం బండిలా కనపడాలంటే ఏ పెయింటు కొట్టాలి, తుప్పు ఎలా పట్టించాలి, క్యారియర్ మీద ఏం పెట్టాలి అని అడిగారు. సాలూరులో లారీ బాడీలు కట్టి బతికినవాణ్ణి కదా, పెయింటు గురించి తాతనే అడగాలనుకున్నారు. చెప్తాను, కానీ చివర్లో. ఎందుకంటే ఫొటోలో అందరి బండీ నిజం బండే. కదిలిందంటే మాత్రం గుట్టు రట్టవుతుంది. బండి నిజమా బొమ్మా అని కన్ను తేల్చుకునేది రంగు చూసి కాదు, నడక చూసి.

ముందు లెక్క చూడండి. మీరు కట్టేది 1/10 బండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదో వంతు. 2020లో వచ్చిన మహీంద్రా జీపు థార్‌కి వీల్‌బేస్, అంటే ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా దూరం, 2450 మిల్లీమీటర్లు. మీ దాంట్లో 245 కావాలి. టయోటా వాళ్ల డబుల్ క్యాబిన్ పికప్ హైలక్స్‌కి 3085, అంటే మీకు 308న్నర. అంగట్లో ఎక్కువగా దొరికే ఛాసిస్‌లు 313 మిల్లీమీటర్లవి. వాటి మీద పికప్ బాడీ ఇంచుమించు సరిపోతుంది, థార్ బాడీ పెడితే చక్రాలు బయటికి తన్నుకొస్తాయి. అందుకని ఏ బండి కట్టాలో ముందు ముగ్గురూ కొట్టుకుని తేల్చుకోండి, ఛాసిస్ తర్వాత కొందాం.

బరువు లెక్క ఇంకోలా ఉంటుంది. పొడవు పదో వంతు అయితే బరువు కూడా పదో వంతే అనుకుంటారు. మూడు వైపులా తగ్గింది కాబట్టి పదిని మూడుసార్లు హెచ్చించాలి, వెయ్యో వంతు. రెండు టన్నుల పికప్‌కి మీ బండి రెండు కిలోలు తూగాలి. చాలా బండ్లు దానికి దగ్గర్లోనే తూగుతాయి. టైరు నేలకి ఆనే చోటు మాత్రం రెండు వైపులే తగ్గుతుంది, అంటే వందో వంతు. వెయ్యో వంతు బరువు వందో వంతు చోటు మీద పడితే నేల మీద ఒత్తిడి పదో వంతే. నెల్లిమర్ల దగ్గర చంపావతి ఇసకలో జీపు కూరుకుపోయే చోట మీ బండి తేలిపోతూ వెళ్లేది అందుకే. అది బండి గొప్ప కాదు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. బండిని పదో వంతు చేశాం గానీ భూమి ఆకర్షణని చెయ్యలేం. నిజం బండి చక్రం 50 సెంటీమీటర్ల గట్టు మీంచి జారితే నేల తాకడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. మీ బండి చక్రం 5 సెంటీమీటర్ల గట్టు మీంచి పడడానికి సెకనులో పదో వంతు. అంటే మీ బండి ప్రతి కుదుపునీ నిజం బండి కంటే మూడు రెట్లు త్వరగా ముగించేస్తుంది. ఆ త్వరే బొమ్మతనం. పూర్వం సినిమాల్లో చిన్న నమూనా ఓడలూ వంతెనలూ తీసినప్పుడు కెమెరాని ఎక్కువ వేగంతో తిప్పింది ఇందుకే, తెర మీద నెమ్మదించి బరువుగా కనపడాలని. మీ ఫోన్‌లో స్లో మోషన్ ఉంది కదా, సెకనుకు 120 ఫ్రేముల్లో తీసి చూడండి. అదే బండి, అదే రాయి, ఒక్కసారిగా టన్నుల బరువు వచ్చేస్తుంది.

ఎదురుగా నిలబడి చూసేవాళ్ల కళ్లకి స్లో మోషన్ ఉండదు. అందుకే బండే నెమ్మదించాలి. జీపు రాళ్ల దారిలో గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోదు. దాన్ని పదో వంతు చేస్తే సెకనుకు 11 నుంచి 14 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల టైరు ఒక చుట్టు తిరిగితే 31 సెంటీమీటర్లు పోతుంది, అంటే ఒక్క చుట్టుకి రెండున్నర సెకన్లు తీసుకోవాలి. "ఏటి తాతా, నత్తనడకా!" అంటారని తెలుసు. అవును, అదే కావాలి. మీ దగ్గరున్న ఆ రేసు కారుని గుమ్మం ముందు ఎంత వేగంగా తిప్పినా చూసినవాళ్లు బొమ్మే అంటారు.

అంత నెమ్మదిగా, జెర్కులు లేకుండా తిరగాలంటే మోటారు ఎంపిక ముఖ్యం. 540 సైజు బ్రష్డ్ మోటార్ల మీద 35టీ, 55టీ అని రాసి ఉంటుంది. లోపల తీగ ఎన్ని చుట్లు చుట్టారో ఆ అంకె. చుట్లు పెరిగితే వేగం తగ్గి నెమ్మదిలో పట్టు పెరుగుతుంది. రాళ్ల బండికి 55 తీసుకోండి, 35కి ఆశపడకండి. మోటారు నలభై చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేలా గేర్లు ఉంటే బాగుంటుంది. స్పీడ్ కంట్రోలర్‌లో డ్రాగ్ బ్రేక్ ఉందో లేదో చూసి కొనండి. వేలు తీయగానే బండి ఎత్తులో ఆగిపోవాలి, వెనక్కి జారకూడదు.

పినియన్, అంటే మోటారు కొసన ఉండే చిన్న గేరు, బిగించేటప్పుడు నోట్‌బుక్ కాగితం ముక్క ఒకటి తీసుకోండి. పినియన్ పళ్లకీ పెద్ద గేరు పళ్లకీ మధ్య పెట్టి, రెండింటినీ దగ్గరికి నొక్కి పట్టుకుని మోటారు స్క్రూలు బిగించండి. తర్వాత గేరు తిప్పుతూ కాగితం బయటికి తీయండి. కాగితం మీద పళ్ల మడతలు వరసగా పడాలి, ఎక్కడా చిరగకూడదు. చిరిగితే బిగువు ఎక్కువైనట్టు, మడత పడకపోతే వదులైనట్టు.

కమాన్ పట్టీల గురించి, అంటే ఇరుసు మీద బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట గురించి, కాస్త ఎక్కువ చెప్పక తప్పదు. ట్యామియా అనే జపాన్ కంపెనీ 1981లోనే 1/10 హైలక్స్‌కి మూడు గేర్లు, నిజం కమాన్ పట్టీలు పెట్టి అమ్మింది. చూడముచ్చటైన బండి. కానీ చిన్న బండ్ల కమాన్లతో ఒక పేచీ ఉంది. బరువు వెయ్యో వంతుకి దిగిపోయింది గానీ ఉక్కు పట్టీ అంత మెత్తబడలేదు. దాంతో కట్ట బిర్రబిగుసుకుపోయి, రాయి తగిలినప్పుడల్లా బండి వేడి పెనం మీద నీటిబొట్టులా ఎగురుతుంది. మందు తేలిక. యూ బోల్టులు విప్పి, మెయిన్ పట్టీ ఉంచి, కింది పట్టీల్లో ఒకటో రెండో తీసేయండి. లారీ కట్టలో పట్టీ తీస్తే ఓనరు ఊరుకోడు, ఇక్కడ అడిగేవాడు లేడు. బండిని నేల మీద పెట్టి బానెట్ నొక్కి వదలండి. మెల్లగా పైకి లేచి ఒకేసారి నిలబడాలి. రెండుసార్లు ఊగిందంటే షాకబ్జర్లలో కాస్త చిక్కటి సిలికాన్ ఆయిల్ పొయ్యాలి. తర్వాత ముందు ఎడమ చక్రం కింద ఇటుక పెట్టండి. మిగతా మూడూ నేలని వదలకూడదు, క్యాబిన్ కొంచెం పక్కకి వాలి ఊరుకోవాలి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే లోడు లారీని మలుపులో వెనక నుంచి చూడండి, ఇరుసు ఒక వైపు, బాడీ ఇంకో వైపు వాలుతూ ఉంటాయి. మనకి కావలసింది ఆ వాలు.

డిఫరెన్షియల్ ఒక్క మాటలో చెప్తాను. రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి రెండూ వేరువేరుగా తిరగడానికి అది ఉంది. రాళ్ల మీద ఒక చక్రం గాల్లోకి లేస్తే ఉన్న తిరుగుడంతా దానికే పోతుంది, నేల మీదున్నది కదలదు. అందుకే ఈ బండ్లకి రెండు ఇరుసులూ లాక్ చేసి పంపుతారు. మలుపుకి చోటు ఎక్కువ పడుతుంది, ఓర్చుకోండి. అలా బిగిసిన చక్రాల్ని నిలబడ్డచోటే తిప్పాలి కాబట్టి స్టీరింగ్ సర్వో, అంటే ముందు చక్రాల్ని పక్కకి తిప్పే చిన్న మోటారు, 20 కిలోల బలానికి పైమాటే కావాలి. అక్కడ చవకరకం కొని డబ్బు మిగుల్చుకోవద్దు.

ఇప్పుడు బరువు ఎక్కడ పెట్టాలో చూద్దాం. క్యారియర్ మీద డబ్బాలు, స్టెప్నీ, మంచం, గొడుగు అన్నీ పెడతానంది బుల్లెమ్మ. పెట్టు తల్లీ, కానీ ముందు ఈ లెక్క చూడు. రెండు చక్రాల మధ్య వెడల్పు 20 సెంటీమీటర్లనుకో, సగం 10. బండి బరువు కేంద్రం నేల నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, పక్కకి 51 డిగ్రీలు వాలేదాకా బోల్తా పడదు. పైన సామాను పెట్టి ఆ కేంద్రాన్ని 10 సెంటీమీటర్లకి తెచ్చావంటే 45కే పడిపోతుంది. రెండు సెంటీమీటర్లకి ఆరు డిగ్రీలు పోయాయి. డిగ్రీలకి చిన్న బండి, పెద్ద బండి తేడా లేదు. కాబట్టి పైన పెట్టేవన్నీ థర్మకోల్‌తో, కాగితంతో చేసి రంగు వేద్దాం. అసలు బరువు ఇరుసుల దగ్గర, చక్రాల లోపల పెడదాం. అక్కడ ఇత్తడి వాడాలి. ఘన సెంటీమీటరు ఇత్తడి ఎనిమిదిన్నర గ్రాములు, అల్యూమినియం 2.7 మాత్రమే. మన పక్క శ్రీకాకుళం జిల్లాలో బుడితి ఇత్తడి సామానుకి పెట్టింది పేరు కదా, ఆ ఊరి పాత చెంబు అడుగు ఒకటి నా దగ్గర పడి ఉంది. ముందు ఇరుసు మీద కాస్త ఎక్కువ, వెనక తక్కువ పెడదాం, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేవకుండా. చెక్క పలక మీద బండిని అడ్డంగా నిలబెట్టి ఒక వైపు మెల్లగా ఎత్తండి, ఫోన్‌లో డిగ్రీలు చూడండి, పడబోయే అంకె గోడ మీద రాసుకోండి. ఏ మార్పు చేసినా మళ్లీ చూసుకోవాలి.

టైర్ల విషయంలో అంగడివాళ్ల మాట వినకండి. 1.9 అంగుళాల రిమ్ముకి వచ్చే టైరు ఎత్తు 11 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. నిజం బండిలో అది 43 అంగుళాలు, ట్రాక్టరుకి పెట్టుకోవచ్చు. పాత జీపు టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలే. జీపు కట్టేటట్టయితే 1.55 అంగుళాల రిమ్ము తీసుకోండి, చిన్న టైరే బండిని పెద్దది చేసి చూపిస్తుంది.

బ్యాటరీ దగ్గర మాత్రం తాత మాట జవదాటొద్దు. లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ, అయితే ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3 వోల్టుల కిందకి దిగితే పాడవుతుంది, వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఛార్జింగ్ పెట్టి ఆటకి పోకూడదు. ఉబ్బితే వాడకూడదు. ఎండలో, కారులో వదలకూడదు. చింతపల్లి బీచ్‌లో నడపాలని ఉందన్నాడు చిన్నోడు, ఉప్పునీళ్లు తగిలితే బేరింగులు తుప్పు పట్టేస్తాయి. పొడి ఇసక ఉన్నచోటు చూసుకుందాం.

సరే, పెయింటు. పారదర్శకంగా ఉండే పాలికార్బొనేట్ ప్లాస్టిక్ బాడీ అయితే లోపలి వైపు నుంచి వేయాలి, పని తలకిందులు. గీతలు, నల్ల అంచులు ముందు, అసలు రంగు తర్వాత. గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ బాడీ అయితే మామూలుగా బయటే. ఏది వేసినా నిగనిగలాడనివ్వకండి, మ్యాట్ వార్నిష్ కొట్టండి. వెనక చెక్క డాలా, అంటే తెరిచి మూసే తలుపు పలక, పెట్టాలంటే టేకు వద్దు. నిజం లారీ పలక అంగుళం మందం అయితే మీకు రెండున్నర మిల్లీమీటర్లు. అంత చిన్న పలక మీద టేకు గీతలు మరీ పెద్దవిగా కనిపిస్తాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర అయితే గీత సన్నం, మెత్తగా కోతకొస్తుంది.

పాత బండిలా చెయ్యాలని బాడీ అంతా తుప్పు పూసేస్తారు చాలామంది. లారీ అలా పాడవదు. డాలా గొలుసు ఊగినంత మేర అర్ధచంద్రంలా పెయింటు గీసుకుపోతుంది, అంతే, దాని పక్కనే రంగు కొత్తదిలా ఉంటుంది. డ్రైవరు కాలు పెట్టే మెట్టు మీద ఇనుము మెరుస్తుంది, తుప్పు పట్టదు, ఎందుకంటే రోజూ చెప్పు రాసుకుంటుంది. కుడి కిటికీ అంచు మీద మోచెయ్యి పెట్టిన చోట రంగు నున్నబడుతుంది. డీజిల్ ట్యాంకు మూత కింద తడి చార, దానికి పట్టిన నల్ల మట్టి. అద్దం మీద దుమ్ములో వైపర్ తిరిగిన మేర శుభ్రంగా ఉంటుంది. ఒక్కో మరక పెట్టేముందు అది ఎవరు చేశారు, చెయ్యా కాలా గొలుసా అని అడగండి. జవాబు లేని మరక పెట్టొద్దు. దుమ్ముకి రంగు కొనక్కర్లేదు. మన ఎర్ర మట్టిని పలచటి గుడ్డలో జల్లించి, వార్నిష్ ఆరకముందే చక్రాల వెనక, బాడీ కింది అంచున చల్లితే చాలు. పైకి పోయేకొద్దీ తగ్గించాలి.

ముందు బంపరుకి దిష్టి నిమ్మకాయ తప్పనిసరి. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ మీకు నాలుగు మిల్లీమీటర్లు, మిరియం గింజకి పసుపు రంగు వేస్తే సరిగ్గా సరిపోతుంది. పచ్చిమిర్చికి చీపురుపుల్ల ముక్కలు.

సిరిమాను పండక్కి వస్తారు కదా, ఛాసిస్ మాత్రం తెండి, బాడీ వద్దు, అది లేకుండానే నడక చూద్దాం. ఇరుసు గొట్టాల బయటి వ్యాసం మీ నాన్నని వెర్నియర్‌తో కొలిచి పంపమనండి, ఇత్తడి ముక్కలు ముందే కోసి ఉంచుతాను. తూకం కూడా అక్కడే వేసుకుని రండి, వంటింటి కాటా బండి కింద పెట్టడానికి మీ నానమ్మ ఒప్పుకోవడం లేదు.

మీ తాత