కదిరి ఏ జిల్లా? మ్యూజియం వెబ్‌సైట్లలో సీమ ఎందుకు దొరకదు

1910 దాకా కదిరి కడప జిల్లాలో ఉండేది. ఆ ఏడాది అనంతపురంలో కలిపారు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లా. ఊరు కదల్లేదు, నరసింహస్వామి గుడీ కదల్లేదు. మారిందల్లా అడ్రసులో చివరి లైను. కదిరివాళ్లకు ఇది ఆధార్ కార్డు మార్చుకునే తిప్పలతో పోతుంది. కానీ నూట ఇరవై ఏళ్ల కిందట కదిరి తాలూకాలో ఒక రాతిబొమ్మ దొరికి, ఎక్కడో మ్యూజియానికి చేరిందనుకోండి. ఇవాళ ఆ మ్యూజియం వెబ్‌సైట్‌లో దాన్ని వెతకాలంటే ఏ జిల్లా పేరు కొట్టాలి?

పోయిన ఎండాకాలం నాకు ఇలాంటిదే ఒక అనుభవం. తోలుబొమ్మల మీద ఏదో రాయాల్సి వచ్చి, విదేశంలోని ఒక మ్యూజియం సైట్ తెరిచాను. పైన తెల్లటి సెర్చ్ డబ్బా, కింద ఖాళీ. తెలుగులో ‘కేతిగాడు’ అని, తోలుబొమ్మలాటలో నవ్వించేవాడి పేరు కొట్టాను. సున్నా. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. సున్నా. ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంట పేరు కొట్టాను, తోలుబొమ్మలు చేసే ఇళ్లున్న ఊరు కదా అని. సున్నా. చివరికి ‘షాడో పపెట్, ఇండియా’ అంటే ఒక్కసారిగా కుప్ప పడింది. మూడో పేజీలో కనిపించాడు మనవాడు. వంకర ముక్కు, ముందుకొచ్చిన పొట్ట, నోట్లోంచి బూతు రాబోతున్నట్టు తెరిచిన పెదాలు. కింద రాసింది: హాస్యపాత్ర, దక్షిణ భారతదేశం, తోలు, రంగులు. ఆ తర్వాత పొడవు, వెడల్పు, మ్యూజియం లెక్కలో దానికి వేసిన అక్సెషన్ నంబరు. చేసినవాళ్ల పేరు లేదు, ఊరు లేదు, ఆడించినవాళ్ల ఊసే లేదు. పక్కన అతని జోడీ బంగారక్క ఉందేమో చూద్దామంటే, ఆ పేజీ నుంచి ఇంకో బొమ్మకు వెళ్లే దారి కూడా లేదు. మళ్లీ డబ్బా దగ్గరికే రావాలి.

వెబ్‌సైట్ కట్టిన కుర్రాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్ల చేతికి వచ్చింది ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరు ఎలా తయారైందో చూస్తేనే ఈ తెర ఎందుకిలా ఉందో తెలుస్తుంది.

దత్తమండలాలు, అంటే మన సీమ, 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. ఆ కాలంలోనే కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగారు. వాళ్లలో ముఖ్యుడు కావలి బొర్రయ్య 1803లోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని ముందుకు నడిపించాడు. వాళ్లు చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఊరికి పోవడం, కరణాన్ని కూర్చోబెట్టి దండకవిలె (ఊరి పాత లెక్కల పుస్తకం) విప్పించడం, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, శాసనం ఎక్కడుంది అని రాసుకోవడం. అవే కైఫియత్తులు. ప్రతి కైఫియత్తుకూ తలకట్టు ఊరి పేరు. రాజు, మతం, శతాబ్దం అన్నీ ఆ తర్వాతే. గుడి గురించి తెలుసుకోవాలన్నా, వీరగల్లు (పోరులో పడ్డ వీరుడికి నిలిపిన రాయి) గురించి తెలుసుకోవాలన్నా ఊరి గుమ్మం గుండానే లోపలికి పోవాలి.

మెకంజీ 1821లో పోయాక ఆ సేకరణ ముక్కలైంది. కొంత లండన్‌కు, కొంత కలకత్తాలో, కొంత మద్రాసుకు. హెచ్.హెచ్. విల్సన్ 1828లో దానికి కేటలాగ్ అచ్చువేశాడు. తర్వాత సి.పి. బ్రౌన్ స్థానిక చరిత్రలకు నకళ్లు రాయించి ఉండకపోతే, ఇవాళ కడపలో ఆయన పేరుతో ఉన్న పరిశోధన కేంద్రం కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేయడానికి సరుకే ఉండేది కాదేమో.

భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కూ ఊరి పట్టింపు ఉండేది. కర్నూలు వైపు బిలసర్గం గుహల్లో 1884లో తవ్వినవాడు ఆయనే. సీమ గట్ల మీద ఏరిన రాతి పనిముట్లను ఏ ఊరి దగ్గర, ఏ గుట్ట మీద దొరికాయో రాసుకున్నాడు. ఆ సేకరణ మద్రాసు మ్యూజియానికి చేరింది. ఆయన పోయాక 1914లో వచ్చిన కేటలాగ్ కూడా తావుల వారీగానే నడుస్తుంది.

ఇక మ్యూజియం రిజిస్టరు సంగతి వేరు. దాని అసలు పని లెక్క. ఏ నంబరు వస్తువు, ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చారు, ఏ అలమారలో ఉంది? ఏటా ఫిజికల్ వెరిఫికేషన్‌లో అన్నీ ఉన్నాయా? పెన్న ఒడ్డున దానవులపాడులో జైన శిల్పాలు బయటపడ్డాయి, వాటిలో కొన్ని మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. అక్కడ వాటికి నంబర్లు పడ్డాయి. దొరికిన చోటు అన్న గడిలో ఇలాంటి వస్తువులకు తరచుగా మిగిలేది జిల్లా పేరే. అదీ అప్పటి ఇంగ్లీషు నోట పడిన పేరు. కడప ‘కడ్డపా’ అయింది, గుత్తి ‘గూటీ’ అయింది, తాడిపత్రి ఒక పుస్తకంలో ‘తాడ్‌పత్రి’, ఇంకో పుస్తకంలో ‘తార్పుత్రి’. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపడింది కాబట్టి, అంతకుముందు సేకరించిన గుత్తి వస్తువు బళ్లారి కింద కూర్చుని ఉండటానికీ ఆస్కారం ఉంది.

ఈ రిజిస్టరే కంప్యూటర్‌లోకి వెళ్లింది. 1967లో న్యూయార్క్‌లో కొన్ని మ్యూజియాలు కలిసి మ్యూజియం కంప్యూటర్ నెట్‌వర్క్ పెట్టుకున్నాయి. ఆనాటి పెద్ద కంప్యూటర్లలో వస్తువుల జాబితాలు నింపడమే పని. చూడటానికి వచ్చేవాళ్లు అప్పుడు లెక్కలో లేరు, ఉండాల్సిన పనీ లేదు. చిక్కు తర్వాత వచ్చింది. వెబ్ రాగానే చాలా మ్యూజియాలు లోపలి డేటాబేస్‌నే ఎత్తి బయట పెట్టాయి. గుమస్తాకు నంబరు తెలుసు కాబట్టి అతనికి సెర్చ్ డబ్బా చాలు. మనకు తెలియదు. అయినా అదే డబ్బా మనకూ మిగిలింది. (అప్పట్లో మ్యూజియాలే వెనకబడ్డాయి. 1994లో నికొలా పియోష్ అనే ఫ్రెంచి కుర్రాడు సొంతంగా ‘వెబ్‌లూవ్ర్’ అని బొమ్మల సైట్ పెడితే, లూవ్ర్ అభ్యంతరం చెప్పింది. పేరు వెబ్‌మ్యూజియంగా మార్చుకున్నాడు.)

తప్పు ఆ సెర్చ్ డబ్బాలోనే ఉందని గ్రంథాలయ శాస్త్రంవాళ్లకు ముందే అనుమానం. మార్షా బేట్స్ 1989లోనే రాసింది: మనుషులు ఒక ప్రశ్న వేసి ఒక జవాబు తీసుకుని ఇంటికి పోరు, పొదల్లో పండ్లు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరుకుంటూ పోతారు, పోతూ పోతూ ప్రశ్నే మార్చుకుంటారు. రేగుపండ్లకు పోయిన ఎవరికైనా ఇది కొత్తేం కాదు. 1996లో కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ దాన్ని తెరకు సరిపడా సూత్రంగా చెప్పాడు. ముందు మొత్తం చూపించు, తర్వాత దగ్గరికి పోనివ్వు, వడపోయనివ్వు, వివరాలు అడిగినప్పుడు ఇవ్వు. 1999లో రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియం ఐబీఎం సాయంతో పేరు తెలియకపోయినా రంగు ఎంచుకుని పెయింటింగ్ వెతికే పద్ధతి పెట్టింది. 2005 ప్రాంతంలో అమెరికన్ మ్యూజియాలు కొన్ని ‘స్టీవ్’ అనే ప్రాజెక్టులో సందర్శకులనే బొమ్మలకు మాటలు తగిలించమన్నాయి. వచ్చిన మాటల్లో ఎక్కువ భాగం మ్యూజియం రికార్డుల్లో లేనివే. అంటే జనం కొట్టే మాటలు ఒకటి, రిజిస్టరులో ఉన్న మాటలు ఇంకొకటి. నా కేతిగాడి కథే అది.

దీనికి ఒక పేరు పెట్టినవాడు ఆస్ట్రేలియాకు చెందిన మిచెల్ వైట్‌లా. 2015లో రాసిన వ్యాసంలో ‘జెనరస్ ఇంటర్‌ఫేస్’ అన్నాడు. మన మాటలో చెప్పాలంటే చెయ్యి పెద్దదైన తెర. అడగకముందే చూపిస్తుంది. ఎంత సరుకుందో, దేని పక్కన ఏముందో తెలియజేస్తుంది. సెర్చ్ డబ్బా అలా కాదు, నువ్వేం కావాలో చెప్పేదాకా ఏమీ బయటపెట్టదు.

ధర్మవరంలో చీరల షాపుకు పోండి. పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అడక్కముందే నాలుగు విప్పేస్తారు. మీ చెయ్యి ఏ అంచు మీద ఆగిందో చూసి, లోపల్నుంచి ఆ వరసవే ఇంకో ఆరు తెప్పిస్తారు. మీరు నెమలికంఠం అన్నా, అనకపోయినా బేరం నడుస్తుంది. ఇప్పుడు తాలూకాఫీసు కౌంటరు గుర్తుచేసుకోండి. సర్వే నంబరు ఎంత? తెలీదా, కనుక్కొని రాపో. మ్యూజియం సైట్లలో సగం ఇప్పటికీ కౌంటర్లే.

వైట్‌లా వ్యాసానికి ముందే ఈ దారిలో వచ్చిన పనుల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది 2011 నాటిది. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లు కానివాళ్లను రానివ్వకూడదన్న చట్టాలు ఉన్నప్పుడు, అక్కడ స్థిరపడిన చైనా, జపాన్, ఇండియా మనుషులు ఊరికెళ్లి తిరిగి రావాలంటే పత్రాలు తీసుకోవాలి. వాటి మీద ఫొటో, చేతిముద్ర. అవన్నీ అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో ఫైళ్ల నంబర్ల కింద పడి ఉన్నాయి. టిమ్ షెరట్, కేట్ బాగ్నల్ అనే ఇద్దరు చరిత్రకారులు చేసిందేమిటంటే, ఆ స్కాన్లలోంచి ముఖాలను మాత్రం ప్రోగ్రాముతో కత్తిరించి, వేల ముఖాలను ఒకే పేజీలో వరసగా పేర్చడం. కిందికి పోయేకొద్దీ ముఖాలే. ఏ ముఖం మీద నొక్కినా దాని పత్రం తెరుచుకుంటుంది. కొత్త సమాచారం ఒక్క ముక్క కలపలేదు. ఉన్న ఫైళ్లలోకి వెళ్లే గుమ్మం మార్చారు, అంతే. ఫైలు నంబరు గుండా పోతే అది పాలన చరిత్ర, ముఖం గుండా పోతే ఆ మనుషుల చరిత్ర.

ఆ తర్వాతివి చాలామందికి తెలిసినవే. 2011లో గూగుల్ ఆర్ట్ ప్రాజెక్ట్, 2012లో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం లక్షా పాతికవేల బొమ్మలను దించుకోనివ్వడం, 2017లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 3,75,000 చిత్రాలను హక్కుల్లేకుండా వదలడం. మ్యూజియాలు బొమ్మలు పంచుకోవడానికి ట్రిపుల్ ఐ ఎఫ్ (IIIF) అనే ఉమ్మడి పద్ధతి వచ్చాక, పెద్ద బొమ్మను చిన్న పలకలుగా కోసి, చూస్తున్న ముక్క మాత్రమే ఫోనుకు పంపడం తేలికైంది. లేపాక్షి నాట్యమంటపం పైకప్పు బొమ్మల్లో మెడ విరిగేలా పైకి చూసినా దొరకని చీర అంచుల గళ్లు, ఇలాంటి జూమ్ ఉంటే ధర్మవరంలో మగ్గానికి డిజైన్ గీసేవాడి చేతిలోకి వస్తాయి. అతనికి రాజవంశం పేరు అక్కర్లేదు. అంచు కావాలి.

మన దేశంలో ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సి-డాక్ పుణెవాళ్లు ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్ చేశారు. దాంతో 2014లో మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్ మొదలైంది. మొదటి విడత పది మ్యూజియాల్లో తెలుగు నేలవి రెండు, హైదరాబాద్ సాలార్‌జంగ్, నాగార్జునకొండ. సీమ మ్యూజియం లేదు. అయినా లేదని ఏడవడం కన్నా ఒక సంగతి గమనించాలి. రేపు అనంతపురం, కడప మ్యూజియాల వస్తువులు ఎక్కినా, ఎక్కేది ఆ జిల్లా పేరున్న గడులతోనే అయితే కథ మారదు.

మ్యాప్ పెడితే సరిపోతుందంటారు. ఇక్కడే పెద్ద బోల్తా ఉంది. రికార్డులో ‘అనంతపురం జిల్లా’ అని మాత్రమే ఉంటే, కంప్యూటర్ పిన్నును జిల్లా నడిమధ్య గుచ్చుతుంది. అక్కడ ఏ వేరుశెనగ చేనో ఉంటుంది. దాంట్లో వీరగల్లులు, నాగప్రతిమలు, నాణేలు అన్నీ కుప్పపడతాయి. చూసేవాడు అదేదో గొప్ప పురాతన పట్టణం అనుకుంటాడు. తెలియనిదాన్ని తెలిసినట్టు చూపించే మ్యాప్ కన్నా ఖాళీ గడి నయం.

పద్ధతిగా చేసేవాళ్లు మూడు వేరువేరు గడులు పెడతారు. ఒకటి, రిజిస్టరులో అప్పుడు ఏం రాశారో అక్షరం మార్చకుండా. ‘కడ్డపా’ అంటే కడ్డపానే. అది చెరిపేస్తే పాత ఉత్తరాలతో పోల్చుకోలేం. రెండు, ఆ తావుకు ఒక స్థిరమైన గుర్తింపు నంబరు, వీలైతే అక్షాంశ రేఖాంశాలు, అవి ఎంత కచ్చితమో ఒక మాట. మూడు, ఆ నంబరుకు తగిలించిన పేర్లన్నీ, తెలుగు లిపిలో, ఇంగ్లీషు పాత కొత్త స్పెల్లింగుల్లో. అప్పుడు కదిరి అని కొట్టినా, కడప అని కొట్టినా, పుట్టపర్తి జిల్లా అని వాడుక మాట కొట్టినా ఒకే రాయి దగ్గరికి చేరతారు. ప్రభుత్వం రేపు ఇంకో జిల్లా చేసినా ఒక వరస కలుపుకుంటే చాలు.

దీనికి కోట్లు అక్కర్లేదు. జర్మనీలో పోట్స్‌డామ్ అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయంవాళ్లు ప్రష్యా రాజు ఒకడు గీసిన బొమ్మల కోసం తయారుచేసిన తెర ‘వికస్ వ్యూయర్’ పేరుతో ఉచితంగానే దొరుకుతుంది. ఒక ఎక్సెల్ లాంటి పట్టిక, ఒక ఫోల్డరు నిండా ఫొటోలు ఇస్తే, అన్నిటినీ కాలం వారీగా పేర్చి చూపిస్తుంది.

ఈ మధ్య మేం నలుగురం తాడిపత్రి, గుత్తి చుట్టుపక్కల పొలాల గట్ల మీదున్న వీరగల్లుల ఫొటోలు తీసి, ఆ పట్టిక నింపడం మొదలుపెట్టాం. రాయి ఎత్తు, చేతిలో కత్తి ఉందా, కింద పశువులున్నాయా, ఇవన్నీ ఒక ఆదివారంలో అయిపోయాయి. ఎక్కువ సేపు పట్టింది ఊరి గడికి. ఒకచోట మ్యాపులో ఉన్న పేరు చెబితే ఒక ముసలాయన నవ్వాడు. ‘అది రెవెన్యూవోళ్లు పెట్టిన పేరు నాయనా’ అని, రాయి ఉన్న చేనుకు ఇంకో పేరు చెప్పాడు. పట్టికలో దానికి గడి లేదు. ఆ రాత్రి నాలుగోది ఒకటి కలిపాం.