జీపీఏ ఉంది కదా అనుకునేవాళ్లకు: పెద్దల గార్డియన్‌షిప్‌పై అపోహలు, వాస్తవాలు

"నాన్నగారికి స్పృహ లేదండీ. అయినా పర్వాలేదు, ఎప్పుడో పెద్దబ్బాయి పేరు మీద జీపీఏ రాశారు." గార్డియన్‌షిప్ కేసులు, అంటే తన పనులు తాను చూసుకోలేని మనిషి తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి ఒకరిని నియమించే కేసులు చూసే న్యాయవాదిగా నేను ఎక్కువగా విన్న మాట ఇదే. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున పనులు చేయమని ఇంకొకరికి అధికారం రాసిచ్చే పత్రం. ఒకపక్క ఆస్పత్రి బిల్లులు, ఇంకోపక్క ఖాతాలో డబ్బు తీయనివ్వని బ్యాంకు. ఆ కాగితం ఒక్కటే దిక్కన్న ధైర్యంతో వస్తారు. అది పనికిరాదని చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. చెప్పకపోతే జరిగే నష్టం మాత్రం తరాల తరబడి నడుస్తుంది.

అపోహ: మనిషి మంచాన పడ్డాకే కదా జీపీఏ అక్కరకొచ్చేది.

వాస్తవం: తెలివి పోయిందంటే జీపీఏ కూడా పోయినట్టే. భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 201 చూడండి. అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెన్సీ, అంటే ఏజెంటుకు (ఆ అధికారం అందుకున్న మనిషికి) ఉన్న అధికారం ముగుస్తుంది. తెలివి తప్పిన తర్వాత కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీ కొన్ని దేశాల్లో ఉంది. ఇంటర్నెట్‌లో దాని గురించి చదివి మనకూ ఉందనుకుంటారు. మన చట్టంలో లేదు.

"రిజిస్టర్ చేయించాం సార్" అంటారు. రిజిస్టర్ చేసినా అంతే. "ఇర్రివోకబుల్ (రద్దు కానిది) అని రాయించాం" అంటారు. ఆ మాట రాసినంత మాత్రాన ఏమీ కాదు. సెక్షన్ 202 ప్రకారం, అధికారం రద్దు కాకుండా నిలవాలంటే, ఏ ఆస్తి కోసం అధికారం ఇచ్చారో ఆ ఆస్తిలో ఏజెంటుకు సొంత హక్కో ప్రయోజనమో ఉండాలి. ఇచ్చిన అప్పు రాబట్టుకోవడానికి ఆస్తి అమ్ముకోమని రాసిచ్చిన పత్రం అలాంటిది. తండ్రి మీద ప్రేమతో పనులు చూసిపెట్టే కొడుక్కి ఇది వర్తించదు.

తెలివి పోయాక ఏజెంటు ఏం చేయాలో కూడా చట్టంలో ఉంది. సెక్షన్ 209 ప్రకారం, తనకు అప్పగించినవాటిని కాపాడడానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలి. కాపాడమనే ఉంది, అమ్ముకోమని లేదు. కొనేవాడి సంగతి సెక్షన్ 208లో ఉంది. అధికారం ముగిసిందని తెలియక కొన్నవాడికి కొంత రక్షణ దొరకవచ్చు. యజమాని కోమాలో ఉన్నాడని తెలిసీ సగం ధరకు కొన్నవాడికి అది దొరకదు.

నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం గుర్తొస్తోంది. తండ్రికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కోమాలోకి వెళ్లాడు. వైద్యం ఖర్చు కోసమే కొడుకు జీపీఏతో ప్లాటు అమ్మాడు. డబ్బు నిజంగానే ఆస్పత్రికే పోయింది, రసీదులన్నీ నేను చూశాను. కానీ అక్కచెల్లెళ్లకు ఆ సంగతి రిజిస్ట్రేషన్ అయ్యాకే తెలిసింది. వాళ్లు దావా వేశారు. కొన్నవాడు కొడుకు మీద ఇంకో దావా వేశాడు. తండ్రి చనిపోయారు, దావాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఆ అన్న మోసగాడు కాదు. ముందుగా కోర్టు అనుమతి తీసుకుని ఉంటే ఆ అమ్మకాన్నే చెల్లెళ్లు వెనకేసుకొచ్చేవారు. ఈ కేసు తలచుకున్నప్పుడల్లా, "కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది, ముందు పని కానివ్వండి" అని సలహా ఇచ్చే మధ్యవర్తుల మీద నాకు ఒళ్లు మండుతుంది.

దీనికన్నా ఘోరం స్పృహలో లేని మనిషి చేత వేలిముద్ర వేయించడం. దయచేసి ఆ పని చేయకండి. చెల్లని పత్రం చేతికొస్తుంది, దాంతోపాటు ఫోర్జరీ, చీటింగ్ కేసులు మెడకు చుట్టుకోవచ్చు.

ఒక ఊరట ఉంది. మంచాన పడ్డ ప్రతి మనిషికీ తెలివి పోయినట్టు కాదు. చేయి కదలకపోయినా, నడవలేకపోయినా, విషయం అర్థమై తన నిర్ణయం చెప్పగలిగితే ఆ మనిషే సంతకమో వేలిముద్రో వేయవచ్చు. ఆఫీసుకు రాలేనివారి దగ్గరకు సబ్ రిజిస్ట్రారే వెళ్లే వీలు రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోనే ఉంది. మతిమరుపు జబ్బు మొదటి దశలో ఉన్నవారు కూడా అంతే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 12 ప్రకారం, అప్పుడప్పుడు మతి తప్పే మనిషి తెలివిగా ఉన్న సమయంలో చేసుకున్న ఒప్పందం చెల్లుతుంది. ఆ రోజు డాక్టరు పరీక్షించి రాసిచ్చిన కాగితం జాగ్రత్త చేసుకోండి.

మరి స్పృహే లేకపోతే? ఇక్కడ మన చట్టంలో నిజంగానే ఖాళీ ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్ల కోసం. మానసిక రోగుల ఆస్తికి మేనేజర్‌ను పెట్టే ఏర్పాటు 1987 చట్టంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో ఆ భాగం లేదు. కోమా కేసుల్లో ఎక్కువగా హైకోర్టులో రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్ వేసి, గార్డియన్‌ను నియమించమని అడుగుతాం. 2019లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆస్తుల వివరాలన్నీ చెప్పాలి. న్యూరాలజిస్టు ఉన్న మెడికల్ బోర్డు పరీక్షించాలి. తహసీల్దారు స్థాయికి తగ్గని రెవెన్యూ అధికారి వెళ్లి చూసి రావాలి. గార్డియన్ ఆరు నెలలకోసారి కోర్టుకు నివేదిక ఇవ్వాలి. పిటిషన్ వేసేటప్పుడు మీ రాష్ట్ర హైకోర్టు ఏం అడుగుతోందో మీ లాయరుతో చూసుకోండి.

అపోహ: ఎవరు గార్డియన్ అయితే ఆస్తి వాళ్లదే.

తోబుట్టువుల మధ్య మంట పెట్టేది ఈ పుకారే. గార్డియన్‌కు వారసత్వంలో గింజంత కూడా అదనంగా రాదు. కోర్టు ఉత్తర్వులో ఏ పనికి అధికారం ఇచ్చారో ఆ పనే చేయాలి, లెక్క చెప్పాలి. తన పేరు మీదకు ఆస్తి మార్చుకుంటే ఉన్న పదవి ఊడుతుంది.

అన్నదమ్ములు "నేనే గార్డియన్" అంటూ పోట్లాడుకుని వచ్చినప్పుడు, ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడితే గొడవ గార్డియన్‌షిప్ గురించి కాదని తెలుస్తుంది. దగ్గరుండి చూసుకునే బిడ్డకు తన కష్టం ఎవరికీ పట్టలేదన్న బాధ. దూరంగా ఉన్న బిడ్డకు డబ్బు ఎటు పోతోందో తెలియదన్న అనుమానం. రెండూ న్యాయమైనవే. అందుకే పిటిషన్‌లో తోబుట్టువులందరినీ చేర్చమంటాను. ఒక్క డిపాజిట్ కూడా దాచొద్దంటాను. దాచింది బయటపడ్డ రోజున మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు. వైద్యం, సంరక్షణ ఒకరికి, డబ్బు లెక్కలు ఇంకొకరికి అప్పగించమని కోర్టును అడగవచ్చు. ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంట్ అందరికీ పంపుతానని ముందే రాసిస్తే సగం గొడవలు చల్లారడం నేను చూశాను.

మధ్యవర్తిత్వంతో తేల్చుకోవడం మంచిదే. కానీ తెలివిలేని వ్యక్తి కక్షిదారుగా ఉన్న దావాలో రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32లోని రూల్ 7 మైనర్ల కోసం రాసింది. రూల్ 15 దాన్ని వీళ్లకు కూడా వర్తింపజేస్తుంది. పెద్దమనుషుల మధ్య కాగితం రాసుకుని సంతకాలు పెట్టేస్తే సరిపోదు.

అపోహ: బిడ్డకు పద్దెనిమిది దాటినా తల్లిదండ్రులే గార్డియన్లు.

కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ఉంది. జిల్లాలోని లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. హైకోర్టు దాకా వెళ్లే పని లేదు. నియమించిన ఆరు నెలల్లోపు గార్డియన్ ఆస్తుల జాబితా, ఏటా లెక్కలు ఇవ్వాలి. ఆ తల్లిదండ్రులు నన్ను అడిగే అసలు ప్రశ్న, "మా తర్వాత వీడికెవరు?" అన్నది. ఆ భయం నాకు అర్థమవుతుంది. మీ తర్వాత ఎవరు చూసుకుంటారో వాళ్లతో ఇప్పుడే మాట్లాడి, కమిటీకి కూడా వాళ్లను పరిచయం చేయండి.

అపోహ: మానసిక జబ్బుకు మందులు వాడితే సంతకం చెల్లదు.

తప్పు. జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని, అది కోర్టు తేల్చాలని 2017 చట్టం సెక్షన్ 3లోనే ఉంది. వదినను ఆస్తిలోంచి తప్పించాలని ఆమె పాత ప్రిస్క్రిప్షన్లు పట్టుకొచ్చేవాళ్ల కేసు నేను తీసుకోను. పైగా హిందూ వారసత్వ చట్టం, 1956 సెక్షన్ 28 ప్రకారం జబ్బు, వైకల్యం కారణంగా ఎవరి వారసత్వ హక్కూ పోదు.

ఇక బ్యాంకు ఖాతాకు రాసిన నామినీ సంగతి. డబ్బు అందుకుని వారసులకు చేర్చేవాడే తప్ప యజమాని కాడు. అది కూడా ఖాతాదారు చనిపోయాకే. కోమాలో ఉండగా నామినీకి ఏ అధికారమూ లేదు, బ్యాంకుతో గొడవ పడి లాభం లేదు. ఇంటి ఖర్చు ఆగకూడదంటే ఇప్పుడే, అమ్మానాన్నలు ఇద్దరూ ఆరోగ్యంగా ఉండగానే, ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగలిగే ఉమ్మడి ఖాతా పెట్టించండి. అలాగే, మానసిక అనారోగ్యం వస్తే చికిత్స విషయంలో తమ తరఫున ఎవరు మాట్లాడాలో 2017 చట్టం ప్రకారం వాళ్ల చేతే ముందుగా రాయించండి.