నార్కెల్‌డాంగా సమాధులు చెప్పే ఆలూ సంగతి

కోల్‌కతా బిర్యానీలో ఆలుగడ్డ ఎవరు వేశారన్న తగువు మళ్లీ లేచింది. హైదరాబాదు ఎప్పటిలాగే నొసలు విరుస్తోంది. అయినా దానికి బంగాళదుంప అని పేరు పెట్టిందీ మనమే. రాజ్యం పోయి 1856లో కలకత్తా చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా, మాంసం కొనలేక దుంప వేయించాడన్న కథ అందరూ విన్నదే. ఏటా 12 లక్షల రూపాయల భరణం అందుకున్నవాడికి మాంసం కరువైందంటే నమ్మేవాళ్లు నమ్మవచ్చు.

ఈ గొడవలో ఊరి రెండో దుంప మాట ఎవరూ ఎత్తరు. దాని పేరు ఆలూ మకల్లా. అరబ్బీలో వేయించినది అని. వండించుకున్నవాళ్లు నార్కెల్‌డాంగా మెయిన్ రోడ్డులోని యూదుల శ్మశానవాటికలో ఉన్నారు. ఆ నేలకు 1798లో అలెప్పో నుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు షాలోమ్ కోహెన్ వెలగా వేలి ఉంగరం ఇచ్చాడని చెప్పుకుంటారు. అతను 1816లో అవధ్ రాజధాని లక్నో దర్బారుకు నగలవాడిగా వెళ్లాడు. అంటే అవధ్‌తో ఈ ఊరి యూదుల పరిచయం వాజిద్ అలీ షా రాకకు 40 ఏళ్ల ముందుది.

నా మటుకు అసలు మలుపు దర్బారులో లేదు, వంటింట్లో ఉంది. శుక్రవారం పొద్దుగూకితే యూదుల విశ్రాంతి దినం మొదలు, ఇక ఇంట పొయ్యి ముట్టించకూడదు. మాంసంతో పాలు, పెరుగు, నెయ్యి కలపకూడదు. అందుకే పులుసులో పెరుగుకు బదులు కొబ్బరిపాలు, వేపుడుకు నెయ్యి బదులు నూనె. తొక్క తీసిన దుంపల్ని ఉప్పు, పసుపు నీళ్లలో కాస్త ఉడికించి, నూనెలో ముంచి సన్నని సెగమీద చాలాసేపు వదిలేస్తారు. పైన పెంకు కడుతుంది, లోపల వెన్నలా మెత్తన. ఫోర్కు గుచ్చితే ఎగిరి పక్కవాళ్ల పళ్లెంలో పడేది! నియమం యజమానురాలిది, చెయ్యి ముస్లిం వంటవాడిది. పంది మాంసం ఇద్దరికీ నిషిద్ధమే కనుక ఆ పొత్తు కుదిరింది.

ఈ ఊరి యూదుల నాహూమ్స్ బేకరీ 1902 నాటిది. దాన్ని నడిపిన డేవిడ్ నాహూమ్ 2013లో పోయాడు. క్రిస్మస్ కేకు కోసం న్యూ మార్కెట్‌లో ఇప్పటికీ బారులు తీరతారు. మకల్లా అంగడి సరుకు కాదు. ఆ ఇళ్లవాళ్లు 1947 తర్వాత లండన్‌కూ ఇజ్రాయెల్‌కూ ఆస్ట్రేలియాకూ వెళ్లిపోయారు. వేలల్లో ఉన్నవాళ్లలో పాతికమందైనా మిగల్లేదు. ఆ వంట చేతికొచ్చిన వంటవాళ్లకు శుక్రవారం పని లేకుండా పోయింది.