“నా అమిగ్డాలా పాడైందాండీ?” – భయం, అసహ్యం మీద అపోహలు

ఈమధ్య థెరపీకి వచ్చేవాళ్ళు అమిగ్డాలా (మెదడులో భయంతో ముడిపడిన చిన్న భాగం) పేరు ముందే తెలుసుకుని వస్తున్నారు. సంతోషమే. కానీ తప్పంతా దాని మీదకే నెట్టేస్తుంటే దాని తరఫున రెండు మాటలు చెప్పాలనిపిస్తుంది.

అపోహ: అమిగ్డాలా లేకపోతే భయమే ఉండదు.

వాస్తవం: రెండు వైపులా అమిగ్డాలా దెబ్బతిన్న ఒకామెను పరిశోధకులు ఎస్.ఎం. అని పిలుస్తారు. పాముల్ని చూసి బెదరకపోగా చేతిలోకి తీసుకుంది. అలాంటి మనిషి చేత 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి పీల్పిస్తే హడలిపోయింది. 2013లో వచ్చిన అధ్యయనం ఇది. ఎదురుగా కనిపించే ప్రమాదం వేరు, ఊపిరాడకపోవడం వేరు. రెండోదానికి మెదడులో వేరే దారులున్నాయి.

అపోహ: అసహ్యం అంటే కాస్త తక్కువ మోతాదు భయం.

వాస్తవం: నాకు ఎక్కువ తిప్పలు దీనితోనే. భయమేస్తే గుండె దడదడలాడుతుంది, కాళ్ళు పారిపొమ్మంటాయి. అసహ్యమేస్తే కడుపులో తిప్పుతుంది, ముక్కు ముడుచుకుంటుంది. ఇక్కడ ఇన్సులా అనే మరో మెదడు భాగం పాత్ర ఎక్కువ. రుచి, కడుపులోని కదలికల కబుర్లు చేరేది అక్కడికే. మనం దుర్వాసన పీల్చినా, పీల్చినవాళ్ళ మొహం చూసినా అందులో ఒకే చోట చురుకుదనం కనిపించిందని 2003లో స్కానింగ్‌లో తేలింది. అలాగని దాన్ని ‘అసహ్యం స్విచ్’ అనకండి, నొప్పికీ అది స్పందిస్తుంది.

రక్తం చూస్తే పడిపోయేవాళ్ళ సంగతి ఇంకా చిత్రం. చాలామందికి బీపీ ముందు పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. వాళ్ళని “ఒళ్ళు వదులు చేసుకో, రిలాక్స్ అవ్వు” అంటే నేలమీదికి తోసినట్టే. నేను చేయించేది దానికి తలకిందులు. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలు మొహం వేడెక్కేదాకా పది పదిహేను సెకన్లు బిగించాలి. మామూలు స్థితికి వచ్చి, అర నిమిషం ఆగి మళ్ళీ. ఇలా ఐదుసార్లు.

అపోహ: ప్రమాదం లేదని తెలిస్తే అసహ్యం పోతుంది.

వాస్తవం: స్టెరిలైజ్ చేసిన బొద్దింకను ముంచి తీసిన జ్యూస్ తాగుతారా? మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ బృందం ఇలాంటి ప్రయోగమే చేసింది. క్రిములు లేవని తెలిసినా జనం ఇష్టపడలేదు. థెరపీలోనూ అంతే, భయం తగ్గినంత త్వరగా అసహ్యం తగ్గదు. “భయం పోయిందండీ, కానీ చెయ్యి పెట్టలేకపోతున్నా” అని ఎవరైనా అంటే థెరపీ ఫెయిలైందని అనుకోను. ఇంకొన్ని సెషన్లు అడుగుతాను.